మామయ్య దాచిన కుర్చీలు

మా మామయ్యని ఎవరైనా కూర్చోమంటే వెంటనే కూర్చోరు. ముందు కుర్చీ వీపు పట్టుకుని అటూ ఇటూ ఊపి చూస్తారు. తర్వాత వంగి, కాళ్లు కలిసే చోట వేలితో తడుముతారు. అప్పుడు గాని ఆయన కూర్చోరు. నా పెళ్లి మాటలకి మా పుట్టింటికి వచ్చినప్పుడు కూడా అదే పని చేశారు. మా నాన్నకి ఒళ్లు మండింది గాని, మగపెళ్లివారు కదా, ఏమీ అనలేక నవ్వు పులుముకున్నారు. "ఈ వెనక కాలు ఇంకో ఏడాదికి మించి ఆగదండీ" అని తేల్చేశారు మామయ్య. ఆ కుర్చీ ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఆ సంగతి ఎత్తి దెప్పితే, "నేను చెప్పబట్టే వాళ్లు జాగ్రత్తగా కూర్చుంటున్నారు" అంటారు.

ఆయన అనుమానం కుర్చీలతో ఆగేది కాదు. వీధి తలుపు గడియ నేను వేశాక ఆయన ఒకసారి చూస్తారు, ఆయన చూశాక మళ్లీ ఆయనే చూస్తారు. ఎవరైనా మెచ్చుకుంటే ఆ మనిషి గుమ్మం దాటగానే నా వైపు తిరిగి, "వీడికేం కావాలంటావ్, కోడలు పిల్లా?" అని అడుగుతారు. నేను బస్టాండులో టికెట్ల కిటికీ వెనక కూర్చునేదాన్ని. రోజంతా జనం చెప్పే కథలన్నీ విని ఇంటికొస్తే, ఇక్కడ ఈ విచారణ ఒకటి. నా నోరు కాస్త పెద్దదని ఈ ఇంట్లో పేరు పడిపోయిందంటే అందులో నా తప్పు సగమే.

నగర కార్యాలయంలో ఆయన వడ్రంగి మేస్త్రి. భవనం వెనక ఉన్న రేకుల షెడ్డు ఆయన రాజ్యం. ఒక మూల రంపపు బల్ల, కిటికీ కింద ఉలులూ చిత్రికలూ, పొయ్యి మీద ఎప్పుడూ గోరువెచ్చగా ఉండే జిగురు డబ్బా, అడుగేస్తే మెత్తగా దిగబడే చెక్కపొట్టు. కార్యాలయంలో ఎవరు ఎలాంటివాళ్లో ఆయన మొహాలు చూసి చెప్పరు, వాళ్ల కుర్చీలు చూసి చెబుతారు. వెనక్కి వాలి కునికిపాట్లు పడేవాడి కుర్చీకి వెనక కాళ్లు వదులవుతాయట. పైవాడు ఎప్పుడు పిలుస్తాడోనని అంచు మీద కూర్చునేవాడి కుర్చీకి ముందువైపు అల్లిక తెగుతుందట. అబద్ధాలాడేవాడు చెయ్యి ఆన్చుకునే కర్రని గోళ్లతో గీకుతాడట. ఈ చివరిది నేను నమ్మను. అయినా ఆయన ఎదురుగా కూర్చున్నప్పుడు చేతులు ఒళ్లోనే పెట్టుకుంటాను.

ఈ అనుమానం ఆస్తిలా మా వదినకి సంక్రమించింది. వదినంటే మా ఆయనకి అక్క. నీళ్ల సరఫరా శాఖలో పరీక్షలు చేసే ఉద్యోగం ఆవిడది. ఊళ్లోని ట్యాంకులన్నిటి నుంచీ సీసాల్లో నీళ్లు ఆవిడ బల్ల మీదకొస్తాయి. ఆవిడ బాగున్నాయని సంతకం పెడితేనే కుళాయిల్లోకి వదులుతారు. ఇంట్లో కూడా గ్లాసు వెలుతురుకి ఎత్తి చూడనిదే తాగదు. పెళ్లి సంబంధాలు చాలానే వచ్చాయి గాని, ప్రతిదానిలోనూ ఆవిడకి అడుగున ఏదో ఒక మడ్డి కనిపించింది. తండ్రీకూతుళ్లిద్దరూ భోజనానికి కూర్చుంటే, ఒకరు బల్ల ఊపుతూ, ఇంకొకరు గ్లాసు తిప్పుతూ ఉంటారు. మధ్యలో నేనూ మా ఆయనా ఆకలితో ఎదురుచూస్తూ ఉంటాం.

ఆవిడ ఉద్యోగానికి ఎసరు పెట్టింది మా పేట కొత్త ట్యాంకు. దాన్ని నగరాధ్యక్షుడు స్వయంగా ప్రారంభిస్తారని ఊరంతా బొమ్మలు అంటించారు. వదిన నీళ్లు పరీక్ష చేసింది, బాగోలేవంది. మళ్లీ తెప్పించి చేసింది, మళ్లీ బాగోలేవంది. గొట్టాల్లో ఎక్కడో మురుగు కలుస్తోందని, అది సరిచేసే వరకు వదలొద్దని చెప్పింది. "ఆ ఒక్క పూటకి వదిలెయ్ తల్లీ, ఫొటో తీయగానే కట్టేద్దాం" అని పై అధికారి బతిమాలాడు. "ఆ పూటే ఎవరో ఒకరు పట్టుకుని తాగుతారు కదండీ" అంది వదిన. సంతకం పెట్టలేదు.

అధ్యక్షుల వారికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. చెప్పే ధైర్యం ఎవరికుంది? ఆయన వచ్చారు, రిబ్బను కత్తిరించారు, కుళాయి తిప్పారు. కుళాయి ఒక్కసారి గుర్రుమని ఊరుకుంది. ఎండు కుళాయి మీద చెయ్యి వేసి నవ్వుతున్న ఆయన ఫొటో చూసి ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది, నేనూ నవ్వాను. ఆ వారంలోనే వదినని ఉద్యోగం నుంచి తీసేశారు. క్రమశిక్షణ లేదట. ఉత్తర్వు కింద సంతకం అధ్యక్షుల వారిదే. వదిన బల్ల దగ్గరికి వేరే అతన్ని వేశారు, అతను వచ్చిన రోజే సంతకం పెట్టాడు, మా పేటకి కొత్త ట్యాంకు నీళ్లు వచ్చేశాయి. అప్పటి నుంచి మా ఇంట్లో నీళ్లు మరగకాచనిదే గొంతు తడుపుకోనివ్వలేదు వదిన.

ఇలాంటి అన్యాయం జరిగితే వెళ్లడానికి ఊళ్లో ఒక చోటు ఉండేది. దాని అసలు పేరు విచారణ మండలి. జనం మాత్రం అయిదు కుర్చీలు అనేవాళ్లు. అధ్యక్షుడు ఇచ్చిన ఏ ఉత్తర్వునైనా సరే, అందులో అయిదుగురు కూర్చుని విని, తప్పనిపిస్తే కొట్టెయ్యొచ్చు. ఒక్కొక్కరికీ కొన్నేళ్ల గడువు ఉంటుంది. గడువు అయిపోయిన వాళ్ల స్థానంలో కొత్తవాళ్ల పేరు చెప్పాల్సింది అధ్యక్షుడే గాని, ఒకసారి చెప్పాక తీసెయ్యడానికి ఆయనకి హక్కు లేదు. కనీసం ముగ్గురైనా కూర్చోనిదే విచారణ జరగదు. "ఉండు, నిన్ను అయిదు కుర్చీల దగ్గరికి లాగుతా" అని ఊళ్లో పెద్ద పెద్ద అధికారుల్ని కూడా బెదిరించేవాళ్లు. వాళ్లూ ఆ మాటకి కాస్త తగ్గేవాళ్లు.

ఆ అయిదు కుర్చీలూ టేకువి. ఎత్తయిన వీపు, కేన్ అల్లిక, వంపు తిరిగిన బల్ల వెనక వరసగా ఉండేవి. వాటికొక పద్ధతి ఉంది. ఒక సభ్యుడి గడువు అయిపోగానే ఆయన కుర్చీ మా మామయ్య షెడ్డుకి వస్తుంది. బిగింపులు విప్పి, మళ్లీ జిగురు పెట్టి, అల్లిక మార్చి, పాలిష్ చేసి ఉంచాలి. ముందటి మనిషి కూర్చున్న గుంటలో కొత్త మనిషి కూర్చోకూడదని ఎవరో పెద్దాయన ఎప్పుడో పెట్టిన నియమం. కొత్త సభ్యుడు వచ్చే రోజున మామయ్యే స్వయంగా మోసుకెళ్లి హాల్లో వేసి వస్తారు. ఆ రోజు ఉతికిన చొక్కా వేసుకుంటారు. ఆయన ఉద్యోగం మొత్తంలో గర్వంగా చెప్పుకునే పని అదొక్కటే.

వదిన గొడవకి ముందే ఒక కుర్చీ షెడ్డుకి వచ్చి ఉంది. రిటైరైన ఒక పెద్ద టీచరమ్మది. మామయ్య దాన్ని బాగుచేసి గోడవార పెట్టారు, ఎవరూ అడగలేదు. తర్వాత పళ్ల డాక్టరుది వచ్చింది. దాన్నీ ఎవరూ అడగలేదు. వదిన ఉద్యోగం పోయి, ఆవిడ మండలికి అర్జీ పెట్టుకున్నాక రైలు గార్డుగా చేసినాయన కుర్చీ కూడా వచ్చేసింది. మూడు కుర్చీలు తళతళలాడుతూ షెడ్డులో ఉండిపోయాయి. హాల్లో రెండే మిగిలాయి.

"ఇందులో ఏదో ఉంది" అన్నారు మామయ్య ఒక సాయంత్రం, టీ గ్లాసు కింద పెట్టి.

"అన్నిట్లోనూ ఏదో ఉందంటారుగా మీరు" అన్నాడు మా ఆయన. మా ఆయన రొట్టెల దుకాణంలో పనిచేస్తాడు. ఎవరి మీదా అనుమానం లేకుండా నిద్రపోయే మనిషి ఆ ఇంట్లో ఆయనొక్కడే.

"అది కాదురా. ఇవాళ సామాన్ల గుమాస్తా వచ్చాడు. ఎన్నడూ షెడ్డు గడప తొక్కని మనిషి. ఆ మూడు కుర్చీలూ వేలితో కొట్టి చూశాడు. ఇవి అసలైన టేకేనా మేస్త్రీ, ఇప్పుడు దొరకదు కదా ఈ కలప, అన్నాడు. బాగుచెయ్యడం అయిపోయింది, పైకి పంపమంటారా అని అడిగా. తొందరేం లేదు, ఇంకా మరమ్మతులోనే ఉన్నాయనుకో అని భుజం తట్టి వెళ్లాడు. వాడు నా భుజం ఎందుకు తట్టాలి?"

భుజం తట్టడం దగ్గర నాకూ అనుమానం వచ్చింది, ఒట్టు. కార్యాలయంలో పాత సామాను మాయమవడం కొత్తేమీ కాదు. ఇత్తడి గంట పోయింది, మెట్ల పక్క దీపస్తంభాలు పోయాయి. గుమాస్తా ఇంట్లో పెళ్లి కూడా దగ్గర్లోనే ఉందని ఎవరో అన్నారు. మామయ్యకి ఇక సందేహం లేదు. టేకు మీద కన్నేశారు, కుర్చీలు మాయం చేసి నింద తన మీదకి తోస్తారు. ఆయన లెక్క అంతే. కలప మనిషికి కలపే కనిపించింది. టికెట్ల కిటికీ దగ్గర ఎన్ని మాయలు చూసినా నాకూ అంతకంటే ఎక్కువ తట్టలేదు.

ఆయన ఆ మూడు కుర్చీల్నీ ఇంటికి తెచ్చేశారు. ఒక్కోసారి ఒక్కొక్కటి, తోపుడు బండి మీద, పైన గోనెపట్టా కప్పి, దొంగలా సందుల్లోంచి తిరిగి తిరిగి వచ్చారు. వాటిని పెట్టడానికి చోటెక్కడ? ముందు గదిలో గోడవార నిలబెట్టారు. ఎవరూ కూర్చోకూడదు, ఏమీ పెట్టకూడదు. ఉన్నదే ఇరుకు గది, నేను పక్కకి తిరిగి నడవాల్సి వచ్చేది. నాకు చిర్రెత్తుకొచ్చి ఉతికిన బట్టలు డాక్టరు గారి మీద ఆరేశాను. "టీచరమ్మ మీద నీ గొడుగు కారుతోంది, తియ్" అని మా ఆయన మీద కేకలేసేదాన్ని. కొన్నాళ్లు ఆ కుర్చీలతో బాగానే నవ్వుకున్నాం.

వదిన మాత్రం నవ్వేది కాదు. విచారణ ఎప్పుడో కనుక్కుందామని కార్యాలయం చుట్టూ చెప్పులరిగేలా తిరుగుతోంది. ఇద్దరే ఉన్నారు, మూడో మనిషిని వేయగానే పిలుస్తామన్నారు. ఎప్పుడు వేస్తారంటే పై వాళ్లనడగమన్నారు. పై వాళ్లు నీళ్లు నమిలారు. ఇంట్లో పనీపాటా లేకుండా కూర్చోవడం ఆవిడకి చేతకాదు. వీధిలో వాళ్లని ఆపి, నీళ్లు మరిగించుకుంటున్నారా అని అడిగేది. కొందరు తల ఊపేవాళ్లు. కొందరు, కుళాయి కట్టేయించి ఊరి పరువు తీసింది ఈవిడే అని మొహం తిప్పుకునేవాళ్లు. పక్కింటి పాపకి కడుపునొప్పి వచ్చి ఆసుపత్రిలో పెడితే, వదిన ఆ రోజంతా అన్నం ముట్టలేదు.

అదే రోజుల్లో మామయ్యకి ఒక కొత్త పని వచ్చింది. అధ్యక్షుల వారికి పెద్ద కుర్చీ ఒకటి కొత్తగా చేయాలి. నడుం నొప్పట. మామయ్య వెళ్లి ఆయన పాత కుర్చీ ఊపి చూసి వచ్చి, "నడుం నొప్పి ఉన్న మనిషి కుర్చీలా లేదది. మధ్యలో నిటారుగా కూర్చుంటాడు" అన్నారు. అన్నారు గాని పని ఒప్పుకున్నారు. ఎన్నేళ్ల నుంచో విరిగినవి అతకడమే గాని, కొత్తది చెయ్యమని ఎవరూ ఆయన్ని అడగలేదు. దాచుకున్న మంచి చెక్క తీశారు. చిత్రిక పట్టి పట్టి చేతులు బొబ్బలెక్కించుకున్నారు. పాలిష్ ఆరాక నన్ను షెడ్డుకి తీసుకెళ్లి చూపించారు. నిజం చెప్పాలంటే అంత అందమైన కుర్చీ నేను చూడలేదు. "ఊపి చూడు" అన్నారు చిన్నపిల్లాడిలా. ఊపాను. పునాది వేసినట్టు కదలలేదు.

ఒక మధ్యాహ్నం నేను పని నుంచి వచ్చేసరికి వదిన ముందు గదిలో నిలబడి ఉంది. చెప్పులు కూడా విడవలేదు. మామయ్య ఎదురుగా ఉన్నారు.

"నాన్నా, ఇవాళ వాళ్లు ఏం చెప్పారో తెలుసా?" అంది. గొంతు మామూలుగానే ఉంది, అదే నాకు భయం వేసింది. "మండలిలో కొత్తవాళ్లని వెయ్యడానికి అధ్యక్షుల వారు సిద్ధంగానే ఉన్నారట. కూర్చోడానికి కుర్చీలు లేవట. వడ్రంగి దగ్గర మరమ్మతులో ఉన్నాయట, ఎన్నాళ్లయినా తిరిగి రాలేదట. షెడ్డుకి మనిషిని పంపితే అక్కడా లేవట. పాత కుర్చీల సంగతి తేలేదాకా పద్ధతి ప్రకారం ఎవరినీ వెయ్యడానికి వీల్లేదట."

మామయ్య గోడవార ఉన్న కుర్చీల వైపు తిరిగారు.

"అందరి ముందూ చెప్పారు నాన్నా. మీ నాన్నగారినే అడగమ్మా అన్నారు."

"వాళ్లు టేకు కోసం..." అన్నారు మామయ్య.

"వాళ్లకి టేకు ఎందుకు? టేకు ఎంతయినా కొనుక్కోగలరు. వాళ్లకి కావాల్సింది అందులో ఎవరూ కూర్చోకపోవడం. దానికి నువ్వు కాపలా కాశావు."

నేను మధ్యలో వెళ్లి ఏదో అనబోయాను. పెద్దాయన్ని అంత మాటంటే నాకు నచ్చలేదు. కానీ ఆయన మొహం చూశాక ఆగిపోయాను. కత్తివాటుకి నెత్తురు చుక్క లేదు. డాక్టరు గారి కుర్చీ మీద నా చీర ఆరేసి ఉంది. మామయ్య వెళ్లి దాన్ని తీసి, మడతపెట్టి, నా చేతికిచ్చారు.

మర్నాడు పొద్దున్నే ఉతికిన చొక్కా వేసుకున్నారు. మూడు కుర్చీల్నీ ఒకే బండి మీద పెట్టి తాళ్లతో కట్టారు. ఈసారి గోనెపట్టా కప్పలేదు. సందుల్లోంచి కాకుండా పెద్ద వీధిలోంచే తోసుకుంటూ బయల్దేరారు. నేను పనికి సెలవు చెప్పి వెనక నడిచాను. మంగలి దుకాణం నుంచి ఒకతను బయటికి వచ్చి, "ఎక్కడికి మేస్త్రీ ఊరేగింపు?" అన్నాడు. "మండలికి కుర్చీలు తీసుకెళ్తున్నా. ఇక లేవనడానికి లేదు" అన్నారు మామయ్య. అలా అడిగిన ప్రతివాడికీ ఆగి ఆగి అదే చెప్పారు. కార్యాలయం చేరేసరికి మా వెనక కొంతమంది పోగయ్యారు. నాకు ధైర్యం వచ్చింది. ఇంతమంది చూస్తుండగా ఏం చేస్తారులే అనుకున్నాను.

విచారణ హాలు తలుపు నెట్టి లోపలికి వెళ్తే, వంపు తిరిగిన బల్ల లేదు. మిగిలిన రెండు కుర్చీలు కిటికీ పక్కకి జరిపి ఉన్నాయి. మధ్యలో ఒక చిన్న బల్ల. దాని వెనక మామయ్య చేసిన పెద్ద కుర్చీ.

సామాన్ల గుమాస్తా ఎదురొచ్చాడు. "తెచ్చేశారా మేస్త్రీ, మంచి పని చేశారు" అన్నాడు, ఏమాత్రం తొణక్కుండా. "ఖాళీలు నిండేదాకా అర్జీలు అధ్యక్షుల వారే వింటారు. జనం ఇబ్బంది పడుతున్నారు కదా, అందుకని. ఇవి కూడా ఆ గోడవార వేసెయ్యండి. వచ్చినవాళ్లు కూర్చుంటారు."

"వచ్చినవాళ్లంటే?" అన్నాను నేను.

"అర్జీలు పెట్టుకున్నవాళ్లమ్మా."

మా వెనక వచ్చిన జనం తొంగి చూశారు. ఒకాయన, "పోనీలే, ఎవరో ఒకరు వింటున్నారుగా" అన్నాడు. ఇంకొకామె, ఆ పెద్ద కుర్చీ ఎంత బాగుందో అంది. ఆవిడ పీక నొక్కాలనిపించింది నాకు. మామయ్య కుర్చీలు దింపి గోడవార వేశారు. తను చేసిన పెద్ద కుర్చీ వైపు ఒక్కసారే చూశారు. దగ్గరికి వెళ్లలేదు.

వదిన పేరు ఆ వారమే పిలిచారు. అంతకుముందు నెలల తరబడి దొరకని తేదీ ఇప్పుడు ఇట్టే దొరికింది. మేం ముగ్గురం వెళ్లాం. టీచరమ్మ కుర్చీలో నేను, డాక్టరు గారి కుర్చీలో మామయ్య, రైలు గార్డు కుర్చీలో వదిన కూర్చున్నాం. తీర్పు చెప్పే కుర్చీల్లో మేం కూర్చుని తీర్పు కోసం ఎదురుచూస్తున్నాం. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అధ్యక్షుల వారిని అంత దగ్గరగా చూడడం నాకదే మొదలు. బక్కపలచటి మనిషి, మెత్తటి గొంతు. కళ్లజోడు తుడుచుకుంటూ మామయ్యని గుర్తుపట్టి నమస్కారం పెట్టారు. "ఈ కుర్చీ మీ చేతి పనేనటగా. నడుం ఎంత హాయిగా ఉందో" అన్నారు. మామయ్య తల వంచుకున్నారు.

వదిన లేచి నిలబడి మొదలుపెట్టబోయింది, సీసాలు, పరీక్షలు, మురుగు కలిసే చోటు. ఆయన చెయ్యెత్తి ఆపారు. "అవన్నీ నేను విన్నానమ్మా. పట్టుదల గల పిల్లవి, మంచిదే. మీ నాన్నగారు ఎన్నేళ్లుగానో మనతో ఉన్నారు. ఆయన మొహం చూసి ఆ ఉత్తర్వు వెనక్కి తీసుకుంటున్నా. రేపటి నుంచి పనిలో చేరు."

నేను మామయ్య చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. అంత సంతోషం ఆ మధ్య ఎన్నడూ కలగలేదు. వదిన మాత్రం కూర్చోలేదు.

"నేను చేసింది తప్పో కాదో చెప్పండి" అంది.

"అదంతా ఇప్పుడెందుకు తల్లీ? ఉద్యోగం వచ్చిందిగా."

"మీరు మళ్లీ తీసేస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలండీ?"

ఆయన ఆశ్చర్యంగా చూశారు. కోపం రాలేదు. "ఇంకెవరి దగ్గరికి వెళ్తావ్? నా దగ్గరికే రా. నా తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది" అన్నారు. ప్రేమగానే అన్నారు, ఆ సంగతి నేను దాచను. మామయ్య చెయ్యి వదిలేశాను అప్పుడే.

బయటికొచ్చాక దారి పొడుగునా జనం పలకరించారు. మంగలి దుకాణం అతను చేతులు కలిపాడు. మా ఆయన వేడి రొట్టెలు పట్టుకుని పరుగున వచ్చాడు. పక్కింటావిడ, "చూశావా, పెద్దవాళ్ల మనసు వెన్న, మనమే అనుమానిస్తాం" అంది. మామూలుగా అయితే నేను ఆవిడకి నాలుగు తగిలించేదాన్ని. ఆ రోజు ఊరుకున్నాను. ఉద్యోగం పోయిన ఇంట్లో ఉద్యోగం తిరిగొస్తే ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఉన్నవాళ్లకే తెలుసు. వదిన తన తెల్ల కోటు ఉతికి ఆరేసింది. నేను దగ్గరుండి ఇస్త్రీ చేశాను.

సాయంత్రం అందరం భోజనానికి కూర్చున్నాం. ముందు గది ఖాళీగా, విశాలంగా ఉంది. మా ఆయన ఏవో జోకులు వేస్తున్నాడు. మామయ్య కంచంలో చెయ్యి పెట్టారే గాని ముద్ద ఎత్తడం లేదు.

"అమ్మా, ఒక మాట" అన్నారు.

"చెప్పు నాన్నా."

"మన పేట ట్యాంకు సీసా రేపు మళ్లీ నీ బల్ల మీదకొస్తుంది. గొట్టాలు ఎవరూ బాగుచెయ్యలేదు. నీళ్లు బాగోకపోతే ఆపుతావా?"

ఈ ప్రశ్న ఇదివరకు అడిగి ఉంటే వదిన నవ్వేది. లేకపోతే, ఇదేం ప్రశ్న అని కసిరేది. మాట పూర్తి కాకముందే జవాబు చెప్పే మనిషి ఆవిడ. ఇప్పుడు ఆవిడ తండ్రి మొహం చూసింది, నా మొహం చూసింది, కంచంలోకి చూసింది. మా ఆయన తినడం ఆపేశాడు. గోడ అవతల పక్కింటివాళ్లు గిన్నెలు కడుక్కుంటున్న చప్పుడు, కుళాయి ధార చప్పుడు వినిపిస్తున్నాయి.

"ఆపుతాను" అంది చివరికి. తర్వాత చాలా నెమ్మదిగా, "కానీ నాన్నా, నువ్వు అడగ్గానే నీళ్లు గుర్తుకు రాలేదు. ముందు అధ్యక్షుల వారి మొహం గుర్తొచ్చింది" అంది.

మామయ్య చెయ్యి కడుక్కోకుండానే లేచి వెళ్లి, కూతురి తల మీద చెయ్యి వేసి అలా నిలబడిపోయారు.